విండోస్ 10 ఆగిపోయాక పాత ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండు సిస్టమ్‌లు పెట్టుకున్నాను, నా అనుభవం

మాది ఖమ్మం. ఇంటి ముందు గదిలో డీటీపీ సెంటర్ నడుపుతాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్లికేషన్లు, పిల్లల ప్రాజెక్టు వర్కులు, ఇవే నా పని. 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, అందులో విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. ఒక్క తరం తేడాతో నాది పనికిరానిదైపోయింది. మెషీన్‌కి ఏ జబ్బూ లేదు, రోజుకి పది గంటలు నడుస్తూనే ఉంది.

కొత్త ల్యాప్‌టాప్ అడిగితే 45 వేలకి తక్కువ చెప్పలేదు. చెకింగ్ దాటేసి విండోస్ 11 ఎక్కించుకునే దారి ఉంది, రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసుకుంటే ఎక్కుతుంది కూడా, కానీ అలా ఎక్కించిన మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ కంపెనీ ఇవ్వదు. కస్టమర్ల ఆధార్ కాపీలు, పాస్‌బుక్ ఫోటోలు వచ్చే మెషీన్ ఇది, దాంట్లో అనుమానంతో పని చేయడం నాకు ఇష్టం లేదు. ఇంకో సంవత్సరం పాటు, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లు తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే వస్తాయి. అది చేసుకున్నాను, కానీ ఏడాది తర్వాత మళ్లీ ఇదే కథ కదా.

పూర్తిగా లినక్స్‌కి, అంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే సిస్టమ్‌కి, మారిపోదామంటే నా పని ఒప్పుకోదు. తెలుగు డీటీపీ చేసేవాళ్లకి తెలుసు, మా బతుకంతా పేజ్‌మేకర్ 7 అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనూ అను ఫాంట్లలోనూ ఉంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ మెషీన్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షర పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని మెషీన్లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు గుర్తులు గజిబిజిగా కనిపిస్తాయి. "అక్కా, పోయినేడాది మా పెద్దోడి కార్డు చేశావు కదా, అదే మోడల్‌లో చిన్నోడి పేరు పెట్టివ్వు" అని వచ్చేవాళ్లే నాకు సగం మంది. ఆ ఫైళ్లు తెరుచుకోకపోతే నా షాపు లేదు. అందుకని పాత పనికి విండోస్ 10 అలాగే ఉంచి, నెట్ పనులన్నీ లినక్స్‌లో చేసుకోవాలని, రెండూ ఒకే డిస్క్‌లో కలపకుండా వేరువేరు డిస్క్‌ల మీద ఉంచాలని నిర్ణయించుకున్నాను. వేరు డిస్క్ అన్న మాట మీద నేను గట్టిగా నిలబడ్డాను, దానివల్లే ఈ వ్యవహారం అంతా ప్రశాంతంగా గడిచిందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అక్టోబర్ 18, 19 బ్యాకప్‌కే పోయాయి. పాత హార్డ్ డిస్క్ నుంచి ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి దాదాపు 200 జీబీ. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే కాపీ స్పీడు పడిపోతుంది, స్క్రీన్ మీద చూపించే టైముకి రెండింతలు పట్టింది. కాపీ అయ్యాక ఊరికే వదిలేయకుండా ఒక్కో ఏడాది ఫోల్డర్ నుంచి రెండు మూడు ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచే తెరిచి చూసుకున్నాను. ఫాంట్ల సెటప్ ఫైళ్లు, లైసెన్స్ వివరాలు కూడా కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.

దీపావళి వెళ్లిన మర్నాడు, 21 సాయంత్రం, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే టూల్ వేశాను. ఇది నాకు బాగా నచ్చిన వస్తువు. ఒకసారి వెంటాయ్ వేస్తే చాలు, ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లు (ఒక్కో సిస్టమ్ మొత్తం ఉండే ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు) మామూలుగా కాపీ చేసుకుంటే బూట్ అయినప్పుడు ఏది కావాలో మెనూ చూపిస్తుంది. ఒక్కో సిస్టమ్‌కి ఒక్కోసారి పెన్‌డ్రైవ్ చెరపక్కర్లేదు. ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22.2, సరిగ్గా అక్టోబర్ 14నే విడుదలైన జోరిన్ 18, ఈ మూడు రకాల లినక్స్‌లూ పెట్టాను. ఉబుంటు 6 జీబీ దాకా ఉంటుంది, మింట్ 3 జీబీలోపే. డౌన్‌లోడ్ అయ్యాక చెక్‌సమ్ (ఫైల్ చెడలేదని తేల్చే కోడ్) సరిచూడటం మాత్రం మానొద్దు. సగంలో నెట్ పోయి మళ్లీ వచ్చినప్పుడు ఫైల్ సైజు సరిగ్గానే కనిపించినా లోపల పాడై ఉండొచ్చు.

లైవ్‌లో నడిపి చూడటానికి డిస్క్‌లో ఏమీ ఎక్కించక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచే సిస్టమ్ మొత్తం లేస్తుంది, ఆపేస్తే ఏ గుర్తూ మిగలదు. కాకపోతే పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి డెస్క్‌టాప్ రావడానికి రెండు మూడు నిమిషాలు నల్ల తెర చూస్తూ కూర్చోవాలి, అప్పుడు కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. మూడింట్లోనూ ఒకే వరసలో చూసుకుంటూ పోయాను. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, వాట్సాప్ వెబ్ వస్తోందా, యూఎస్‌బీలో ఫోన్ పెడితే ఫోటోలు కనిపిస్తున్నాయా. ఉబుంటు నా మెషీన్ మీద కాస్త బరువుగా అనిపించింది. జోరిన్ చూడటానికి చాలా బాగుంది. చివరికి మింట్‌లో సినమన్ అనే రకం తీసుకున్నాను, కారణం మా దగ్గర పనిచేసే అమ్మాయి. తనని కూర్చోబెట్టి ఏమీ చెప్పకుండా "ఫోటో తీసి మెయిల్ పంపమ్మా" అంటే, ఎడమవైపు కింద మెనూ ఉంది కాబట్టి తడుముకోకుండా పంపేసింది. 2029 వరకు అప్‌డేట్లు వస్తాయన్నది రెండో కారణం. తెలుగులో సిస్టమ్ చూడాలనుకునేవాళ్లు భాష సెట్టింగుల్లో తెలుగు పెట్టుకోవచ్చు. స్వేచ్ఛ సంస్థ వాళ్లలాంటి వాలంటీర్లు ఏళ్ల తరబడి చేసిన అనువాదాలు చూస్తే వాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఆ రాత్రే ఒక సంగతి బయటపడింది. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ (మెషీన్ స్టార్ట్ అయ్యే కొత్త పద్ధతి) అన్న మాట రాలేదు. విండోస్‌లోకి వెళ్లి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయాస్ (మెషీన్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల ప్రోగ్రాం) మోడ్ దగ్గర లెగసీ అని ఉంది. అంటే అప్పట్లో విండోస్ వేసిన షాపతను పాత పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్క్‌ని భాగాలు చేసే పాత పద్ధతి) డిస్క్ మీద వేసిచ్చాడు. మన ఊళ్లలో బయట వేయించిన విండోస్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి, ముందే చూసుకోండి. ఒక సిస్టమ్ లెగసీలో, ఇంకోటి యూఈఎఫ్ఐలో ఉంటే ఒకే మెనూలో రెండూ కలవవు, మారాలనుకున్న ప్రతిసారీ బయాస్‌లోకి పోయి మోడ్ మార్చుకోవాలి. పనిలో ఉన్నప్పుడు అది నరకం.

ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్క్), క్యాడీ కొనడానికి అక్టోబర్ 23 పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లాను. ఖమ్మంలో దొరకవని కాదు, కానీ నాకు కావలసిన క్యాడీ గురించి ఇక్కడ ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. క్యాడీ అంటే డీవీడీ డ్రైవ్ ఉండే చోట హార్డ్ డిస్క్‌ని దూర్చే చట్రం. షాపులో కుర్రాడు ల్యాప్‌టాప్ బోర్లించి, మధ్యలో ఉన్న ఒకే ఒక్క స్క్రూ తీసి, డీవీడీ డ్రైవ్‌ని సొరుగులా పక్కకి లాగాడు. స్కేలు పెట్టి మందం కొలిచి, "అక్కా, నీది సన్నది, 9.5 ఎంఎం. 12.7ది తీసుకుంటే దూరదు" అన్నాడు. డీవీడీ డ్రైవ్ ముందు ఉండే ప్లాస్టిక్ మూతని గోటితో విప్పి క్యాడీకి బిగించాడు, లేకపోతే ల్యాప్‌టాప్ పక్కన కన్నంలా కనిపిస్తుంది. 480 జీబీ ఎస్ఎస్‌డీ 2,600, క్యాడీ 350, బిగించినందుకు 300. అంతకుముందు పెన్‌డ్రైవ్ 480. మొత్తం కలిపి 3,730 రూపాయలు, రైలు ఖర్చులు వేరే. ఎస్ఎస్‌డీ అసలు హార్డ్ డిస్క్ ఉండే చోటికి, పాత హార్డ్ డిస్క్ క్యాడీలోకి వెళ్లాలన్నది ప్లాన్. కానీ ఆ రోజు పాత డిస్క్ వెనక్కే పెట్టించుకుని ఎస్ఎస్‌డీ సంచిలో తెచ్చుకున్నాను, ఎందుకంటే ముందు విండోస్‌ని యూఈఎఫ్ఐకి మార్చే పని మిగిలి ఉంది.

25 శనివారం ఆ పని. విండోస్ 10లోనే ఎంబీఆర్‌టుజీపీటీ అని ఒక టూల్ ఉంటుంది, డేటా పోకుండా డిస్క్‌ని ఎంబీఆర్ నుంచి యూఈఎఫ్ఐకి కావలసిన జీపీటీ పద్ధతికి మారుస్తుంది. మార్చే ముందు వాలిడేట్ అని ఒక చెకింగ్ ఉంది. నాకు అక్కడే ఫెయిల్ అని వచ్చింది. కారణం మనందరికీ ఉండే సీ, డీ, ఈ (E) డ్రైవ్‌లు. సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే చిన్న భాగంతో కలిపి నాలుగు ప్రైమరీ పార్టిషన్లు అయ్యాయి, ఆ టూల్ మూడు మించితే ఒప్పుకోదు. ఈ (E) డ్రైవ్‌లో ఉన్నదంతా డీ లోకి జరిపి, బ్యాకప్‌లో కూడా ఉందని మరోసారి చూసుకుని, ఆ E డ్రైవ్‌ని డిలీట్ చేశాను. ఆ డిలీట్ మీద క్లిక్ చేసేటప్పుడు చేతులు వణికాయి, చెప్పడానికి సిగ్గేం లేదు, పదిహేనేళ్ల పని అది. తర్వాత వాలిడేషన్ పాసైంది, మార్పిడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వెంటనే బయాస్‌లోకి వెళ్లి లెగసీ తీసేసి యూఈఎఫ్ఐ పెట్టాలి, అది పెట్టకుండా స్టార్ట్ చేస్తే విండోస్ లేవదు. పెట్టాను, లేచింది. పేజ్‌మేకర్ తెరిచి ఒక పాత కార్డు చూశాకే భోజనానికి లేచాను.

అదే ఊపులో విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, అప్పుడు లినక్స్ నుంచి డీ డ్రైవ్ తెరిస్తే చదవడానికే వస్తుంది, రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది.

26 ఆదివారం మింట్ ఇన్‌స్టాలేషన్. పాత హార్డ్ డిస్క్‌ని పూర్తిగా బయటికి తీసి బల్ల మీద పెట్టేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే లోపల ఉంచాను. "డిస్క్ చెరిపి ఇన్‌స్టాల్ చేయాలా" అని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు చెరపడానికి ఖాళీ డిస్క్ తప్ప ఇంకేం లేదు. ఆ ధైర్యం ఎంత విలువైందో ఆ స్క్రీన్ ముందు కూర్చుంటే తెలుస్తుంది. యూఈఎఫ్ఐకి మారాక సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే రక్షణ) కూడా ఆన్ చేశాను కాబట్టి పెన్‌డ్రైవ్ పెట్టగానే వెరిఫికేషన్ ఫెయిల్ అని ఒక నీలం తెర వచ్చింది. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఓకే నొక్కి, ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ అన్నది ఎంచుకుని, వెంటాయ్ పార్టిషన్‌లో ఉన్న కీ ఫైల్ చూపించి, కంటిన్యూ, యెస్, రీబూట్. ఒక మెషీన్‌లో ఒక్కసారి చేస్తే సరిపోతుంది. మింట్ ఎక్కడానికి పావుగంట కూడా పట్టలేదు. మీడియా కోడెక్స్ కావాలా అని అడిగే చోట టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. ఎస్ఎస్‌డీ మీద మొదటిసారి మింట్ లేచిన వేగం చూసి ఇన్నాళ్లు నేను ఎంత ఓపికపట్టానో అర్థమైంది.

పవర్ తీసి, బ్యాటరీ కూడా తీసి, పాత డిస్క్‌ని క్యాడీలో పెట్టి దూర్చాను. ఆన్ చేసి బయాస్‌లో చూస్తే ఆ డిస్క్ కనిపించలేదు. గుండె ఝల్లుమంది. మా ఆయన పక్కనే ఉన్నారు, "బ్యాకప్ ఉంది కదా, ఎందుకు కంగారు" అన్నారు, కానీ సోమవారం పొద్దున రెండు కార్డులు డెలివరీ ఇవ్వాలి. క్యాడీ బయటికి తీసి చూస్తే పక్క అంచున గింజంత స్విచ్ ఉంది, మూడు స్థానాల్లో జరుగుతుంది. ఒక్కో ల్యాప్‌టాప్‌కి ఒక్కో స్థానం సరిపోతుందట. అగ్గిపుల్లతో పక్క స్థానానికి జరిపాక డిస్క్ వచ్చింది. క్యాడీ కొన్న డబ్బాలో దీని గురించి ఒక్క ముక్క రాసి లేదు.

ఇక బూట్ మెనూ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డిస్క్ లేదు కాబట్టి మింట్‌కి దాని సంగతి తెలియదు, నేరుగా మింట్‌లోకే వెళ్లిపోతోంది. గ్రబ్ (ఏ సిస్టమ్ కావాలో అడిగే బూట్ మెనూ ప్రోగ్రాం) 2.06 నుంచి వేరే సిస్టమ్‌లని వెతకడం డిఫాల్ట్‌గా ఆపేసి ఉండొచ్చు కాబట్టి, గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో ఓఎస్ ప్రోబర్ డిసేబుల్ అన్న లైను ఫాల్స్ అని పెట్టి, మెనూ పది సెకన్లు కనిపించేలా మార్చి, అప్‌డేట్ గ్రబ్ కమాండ్ ఇచ్చాను. చివర్లో "విండోస్ బూట్ మేనేజర్ ఫౌండ్" అని వచ్చిన లైను చూసి ఎంత సంతోషమేసిందో. రీస్టార్ట్ చేస్తే రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి.

విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంది. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ టైముగా పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. మన తేడా సరిగ్గా అయిదున్నర గంటలే కదా. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ టైము వాడమని చెబితే సర్దుకుంది. బిల్లుల మీద తేదీ టైము ప్రింట్ చేసేవాళ్లు దీన్ని మొదటిరోజే చూసుకోవాలి.

వైఫై విషయంలో నాకు నాలుగు రోజులు చిరాకు. రూటర్ పక్కన కూర్చుంటే బాగుంటుంది, ముందు గదిలోకి వస్తే ఒక గీతకి పడిపోతుంది. లైవ్‌లో చూసినప్పుడు నేను రూటర్ ఉన్న గదిలోనే ఉన్నాను, మీరు మాత్రం మీరు పనిచేసే చోటే కూర్చుని చూడండి. నా వైఫై చిప్‌కి ఒక్కటే యాంటెనా బిగించి ఉంది, డ్రైవర్ ఇంకో వైపు వెతుకుతోంది. యాంటెనా సెలెక్ట్ 2 అని ఒక్క లైను రాసిన ఫైలు పెట్టి రీస్టార్ట్ చేస్తే సిగ్నల్ నిండుగా వచ్చింది. అప్పటిదాకా ఫోన్‌ని యూఎస్‌బీకి పెట్టి టెథరింగ్‌తో లాగించాను, అది ఏ సెట్టింగూ లేకుండా పనిచేసింది.

ప్రింటర్ల దగ్గర సగం సగం. ఇంట్లో ఉన్న వైఫై ఇంక్ ప్రింటర్‌ని మింట్ దానంతటదే పట్టేసింది, డ్రైవర్ కూడా అడగలేదు. జిరాక్స్ షాపులన్నింట్లో కనిపించే పాత చిన్న లేజర్ ప్రింటర్ మాత్రం మామూలుగా పనిచేయలేదు. బయటివాళ్లు రాసిన డ్రైవర్ ఒకటి ఉంది, తీరిక దొరికినప్పుడు చూడాలి. ప్రస్తుతం పీడీఎఫ్ చేసి డీ డ్రైవ్‌లో పెట్టి విండోస్ నుంచి లేజర్ ప్రింట్ ఇస్తున్నాను. లినక్స్ డిస్క్‌ని విండోస్ చదవలేదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరులేని భాగంలా కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకూడదు. రెండువైపులా కావలసినవన్నీ డీ లోనే.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందమైంది టైపింగ్. ఇన్నేళ్లు అనులో యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ కొట్టిన చేతులు ఇవి, ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకునే ఓపిక లేదు. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు వేసుకున్నాక లిస్టులో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ కూడా కనబడింది. కొన్ని ఒత్తుల దగ్గర తేడా ఉంది, రెండు రోజుల్లో వేళ్లు అలవాటుపడ్డాయి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వాటితో ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గృహప్రవేశం కార్డు మొత్తం మింట్‌లోనే చేశాను. కస్టమర్ ఫోన్లోనే తెలుగు మేటర్ పంపితే కాపీ చేసి అతికించుకోవడమే, మళ్లీ కొట్టే పని లేదు. ఇది అనులో ఎప్పుడూ కుదరని సుఖం.

నా సెటప్ చూసి మా మరిది తన కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా చేద్దామని వచ్చాడు. సెక్యూర్ బూట్ ఆపి చూసేసరికి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. "వదినా, నేనెప్పుడూ ఏ పాస్‌వర్డూ పెట్టలేదే" అంటాడు. కొత్త మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతుంది. అతని అకౌంట్‌లోకి ఫోన్ నుంచి వెళ్తే కీ అక్కడ దొరికింది. ఆ అకౌంట్ పాస్‌వర్డు గుర్తులేనివాళ్ల పరిస్థితి తలచుకుంటేనే టెన్షన్. బయాస్‌లో ఏదీ ముట్టుకోకముందే ఆ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి.

నవంబర్ రెండో వారం నుంచి పూర్తిగా ఇలాగే నడుస్తోంది. పొద్దున మింట్‌తో మొదలుపెట్టి మెయిళ్లు, వాట్సాప్, ఆన్‌లైన్ అప్లికేషన్లు అందులో చేస్తాను, పాత కార్డుల పనులన్నీ ఒకచోట పెట్టుకుని మధ్యాహ్నం ఒక్కసారి విండోస్‌కి మారతాను, అలా చేస్తే రోజంతా రీస్టార్ట్‌లు కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. విండోస్‌లో వైఫై ఆపే ఉంచుతాను, నెలకోసారి అప్‌డేట్ కోసం ఇస్తాను. పెన్‌డ్రైవ్ డ్రాయర్‌లోనే ఉంది, మింట్ లేవని రోజు వస్తే దాని లైవ్ నుంచే ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. సంక్రాంతి సెలవుల్లో ఆ లేజర్ ప్రింటర్ డ్రైవర్ సంగతి తేల్చాలి.